రెండు రిపోర్టుల నడుమ 48 గంటలు

మా ఇళ్ళల్లో ఇంగ్లీషు ముక్క ఉన్న ప్రతి కాగితమూ చివరికి మా దగ్గరికే వస్తుంది. బ్యాంకు నోటీసు, కోర్టు సమను, ఆస్పత్రి చీటీ ఏదైనా సరే, "నువ్వు పెద్ద చదువు చదువుతున్నవు గదా, దీంట్ల ఏమున్నదో చూడు" అని చేతిలో పెడతారు. మేము చదివింది సమాజశాస్త్రం, వైద్యం కాదు. కానీ వాడలో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కినవాళ్ళకు "ఇది నా సబ్జెక్టు కాదు" అని తప్పించుకునే వీలుండదు.

2022లో, పత్తి ఏరే రోజుల్లో, మా చిన్నమ్మ కూతురు ఒక రిపోర్టు ఫోటో తీసి ఫోనుకు పంపింది. "అక్కా, తొంభయ్యారు వచ్చిందంట. మంచిదేనా?" అని అడిగింది. పరీక్షలో వచ్చిన మార్కుల గురించి అడిగినట్టే ఉంది. పన్నెండు రోజుల కింద హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సెంటర్‌లో ఆమె గర్భసంచిలో పిండం పెట్టారు. ఇది రెండోసారి. మొదటిసారి నిలవలేదు. రెండు రోజులకు ఇంకో రిపోర్టు పంపింది. అందులో 131 ఉంది. మేము తొంభయ్యారునూ నూట ముప్పై ఒకటినీ పక్కపక్కన పెట్టుకుని చూసి, "పెరిగింది గదా, మంచిదే" అన్నాం.

ఆ మాట తప్పు. ఎందుకు తప్పో చెప్పడానికే ఈ వ్యాసం.

ఐవీఎఫ్ డబ్బున్నోళ్ళ సంగతి, మనకెందుకు అనుకునే పాఠకులు ఉండొచ్చు. మేమూ అట్లాగే అనుకునేవాళ్ళం. కానీ సెంటర్ల ముందు బెంచీల మీద కూర్చునేవాళ్ళల్లో పుస్తెలు కుదువపెట్టి వచ్చినవాళ్ళున్నారు, పొదుపు సంఘంలో అప్పు తీసి వచ్చినవాళ్ళున్నారు. గర్భసంచికి, ట్యూబులకు సోకే టీబీ మన దేశంలో పిల్లలు కలగకపోవడానికి ఒక ముఖ్యమైన కారణం. టీబీ ఎక్కువగా ఎవరి ఇళ్ళకు వస్తుందో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కర్లేదు. ఇరవై రెండేళ్ళకే పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించుకుని, తర్వాత ఉన్న బిడ్డను పోగొట్టుకున్న తల్లులున్నారు. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళ శాతం దేశంలోకెల్లా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే ఎక్కువ. కడుపు రాకుండా చేయడానికీ, గర్భసంచి కోసి తీసేయడానికీ వాడదాకా నడిచొచ్చిన వైద్యం, కడుపు నిలిపే దగ్గరికి వచ్చేసరికి మాత్రం లక్షలు అడుగుతుంది. 2023లో సికింద్రాబాద్ గాంధీ ఆస్పత్రిలో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం మొదలయింది. మా చెల్లెలి సంగతి అంతకు ముందుది.

ఇక ఆ అంకె విషయానికి వద్దాం. పిండం గర్భసంచి గోడకు అంటుకోగానే, తర్వాత మాయగా మారే కణాలు హెచ్‌సీజీ అనే హార్మోనును తల్లి రక్తంలోకి వదులుతాయి. రిపోర్టులో 'బీటా హెచ్‌సీజీ' అని రాసేది దీన్నే. అయిదు యూనిట్లకు లోపుంటే కడుపు లేదని లెక్క. ఇరవై అయిదు దాటితే నిలిచిందని లెక్క. మధ్యలో ఉంటే ఏదీ తేల్చలేం, మళ్ళీ చూడాలి. మందుల షాపులో దొరికే మూత్రం కార్డు కూడా ఈ హార్మోనునే పట్టుకుంటుంది. కాకపోతే ఉందా లేదా అని మాత్రమే చెప్తుంది, ఎంత ఉందో చెప్పదు. అందుకే రక్తం తీస్తారు.

పరీక్ష తొందరపడి చేసుకుంటే రెండు రకాలుగా మోసపోతాం. ఒకటి, హార్మోను ఇంకా తగినంత తయారుకాకముందే చూసి లేదనుకోవడం. రెండోది ఇంకా చెడ్డది. అండాలు తీయడానికి ముందు, అవి పక్వం కావడానికి ఇచ్చే ఇంజెక్షన్ చాలాసార్లు ఇదే హెచ్‌సీజీ. అది ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. అండాలు తీసిన కొద్దిరోజులకే పిండం పెట్టినవాళ్ళు తొందరపడి కార్డు మీద చూసుకుంటే ఆ ఇంజెక్షనే రెండో గీత గీస్తుంది. స్వీట్లు పంచాక తెలుస్తుంది, అది బిడ్డ కాదు మందు అని. ఫ్రీజ్ చేసిన పిండాన్ని ఆ ఇంజెక్షన్ లేకుండా తర్వాతి నెలల్లో పెడితే ఈ తిప్పలు ఉండవు. అయిదో రోజు పిండమైతే పెట్టిన తొమ్మిదో రోజుకూ పద్నాలుగో రోజుకూ మధ్య ఏదో ఒకనాడు రక్తపరీక్షకు రమ్మంటారు.

నెలల లెక్క దగ్గర కూడా మనవాళ్ళు గాబరా పడతారు. "పిండం పెట్టి రెండు వారాలు కాలేదు, నాలుగు వారాల కడుపని రాసిండ్రు, ఇదేం లెక్క?" అని మా చెల్లెలి అత్త నిలదీసింది. ఆమె అనుమానంలో న్యాయముంది. కడుపు లెక్క పాతకాలం నుంచీ ఆఖరి ముట్టు రోజు నుంచి కడుతున్నారు. అండం ఆ తర్వాత రెండు వారాలకు గానీ విడుదల కాదు. అందుకని అయిదో రోజు పిండం పెట్టిన నాడే రెండు వారాల అయిదు రోజుల కడుపు అని రాస్తారు. దానికి పన్నెండు రోజులు కలిపితే నాలుగు వారాల మూడు రోజులు. ఈ మాట చెప్పడానికి ఎవరికైనా ఒక నిమిషం చాలు. చెప్పకపోతే కోడలి మీద అనుమానపు మాట పుడుతుంది, దాన్ని మోయాల్సింది ఆ అమ్మాయే.

పరీక్ష దాకా ఉండే ఆ రోజుల్లో లేవకుండా పడుకోవాలా? కూలి మీద బతికే ఇంటికి ఇది చిన్న ప్రశ్న కాదు. మా చెల్లెలు పద్నాలుగు రోజులు మంచం దిగలేదు. తోడుగా వాళ్ళమ్మ పనికి పోవడం మానింది. రెండు కూళ్ళు, పద్నాలుగు రోజులు, అదీ పత్తి సీజన్లో! పిండం పెట్టాక మంచం మీద పడి ఉండడం వల్ల ఫలితం పెరగదని, కొన్ని అధ్యయనాల్లో తగ్గిందని కూడా తేలింది. పిండం లోపల గోలీలాగ దొర్లి, నిలబడితే జారిపడేది కాదు. నడవొచ్చు, వండుకోవచ్చు, బస్సెక్కొచ్చు. బరువులు మోయడం, ఎండలో రోజంతా వంగి పనిచేయడం మానుకోమంటారు, అది సబబే. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లు చర్చకు వచ్చినప్పుడు అంబేద్కర్ దాన్ని సమర్థిస్తూ, పురుటికి ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలని, ఆ ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వమే మోయాలని వాదించాడు. విశ్రాంతి కావాల్సిన చోట కూలి దొరకని సెలవు, అవసరం లేని చోట నెలసగం మంచం. మనవాళ్ళకు రెండు వైపులా నష్టమే.

మందుల మాటకొస్తే, ఈ వారాల్లో ప్రొజెస్టరాన్ ముఖ్యం. మాత్ర, ఇంజెక్షన్, లోపల పెట్టుకునే బిళ్ళ, ఏ రూపంలోనైనా ఇస్తారు. మామూలు కడుపులో అండం విడుదలైన చోటే ఈ హార్మోను తయారవుతుంది. మందులతో గర్భసంచిని సిద్ధం చేసి ఫ్రీజ్ చేసిన పిండం పెట్టినప్పుడు ఒంట్లో ఆ ఏర్పాటు ఉండదు. మాయ ఆ పని అందుకునేదాకా, అంటే సుమారు ఎనిమిది నుంచి పది వారాలు నిండేదాకా, బయటినుంచే ఇవ్వాలి. డబ్బులు అయిపోయాయనో, కాస్త ఎరుపు కనిపించింది ఇంక పోయినట్టేననో సొంతంగా ఆపేస్తే నిలిచిన కడుపు కూడా పోవచ్చు. కొద్దిగా ఎరుపు కనిపించినవాళ్ళల్లో చాలామందికి బిడ్డ క్షేమంగానే ఉంటుంది. ఇంకో సంగతి, రొమ్ముల్లో నొప్పి, వికారం, ముట్టు ఆగడం ఈ మందు వల్ల కూడా వస్తాయి. కాబట్టి వాంతి అయిందని నిలిచిందనుకోవడానికీ లేదు, కాలేదని పోయిందనుకోవడానికీ లేదు.

అండాలు తీసిన నెలలోనే పిండం పెట్టించుకున్నవాళ్ళు ఇంకొకటి గమనించుకోవాలి. కడుపు ఉబ్బడం, రెండు మూడు రోజుల్లోనే బరువు బాగా పెరగడం, మూత్రం తగ్గడం, ఆయాసం కనిపిస్తే అవి గర్భిణి లక్షణాలని ఊరుకోకూడదు. మందులకు అండాశయాలు అతిగా స్పందించి, నీరు కడుపులోకి చేరుతున్న గుర్తులవి. కడుపు నిలిచినప్పుడు పుట్టే హెచ్‌సీజీ దాన్ని ఇంకా పెంచుతుంది. వెంటనే ఆస్పత్రికి పోవాల్సిన పరిస్థితి అది.

ఇప్పుడు 96కూ 131కీ వస్తాం.

ఒక్క అంకె ఏమీ తేల్చదు. తొంభయ్యారుతో మొదలై పండంటి బిడ్డ పుట్టినవాళ్ళున్నారు, మూడొందలతో మొదలై వారానికే పోయినవాళ్ళున్నారు. చూడాల్సింది పెరిగే వేగం. బాగా నిలిచిన కడుపులో మొదటి వారాల్లో ఈ హార్మోను దాదాపు రెండు మూడు రోజులకొకసారి రెట్టింపవుతుంది. అందరికీ రెట్టింపు కావాలని లేదు. మొదటి అంకె 1500 లోపున్నప్పుడు 48 గంటల్లో కనీసం 49 శాతమన్నా పెరగాలని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2018లో పెట్టిన లెక్క. పైకి పోయేకొద్దీ వేగం తగ్గుతుంది. 1500కూ 3000కూ మధ్య 40 శాతం, ఆపైన 33 శాతం చాలు. మా చెల్లెలికి తొంభయ్యారు మీద కనీసం 143 రావాలి. వచ్చింది 131. అంటే పెరిగింది 36 శాతమే. "పెరిగింది గదా" అన్న మా మాటకు అర్థం లేదు. మేము చదివింది అక్షరాలు, రిపోర్టు కాదు.

ఇట్లా నెమ్మదిగా పెరిగితే రెండు అనుమానాలు రావాలి. కడుపు నిలవకుండా పోతున్నదేమో అన్నది ఒకటి, గర్భసంచిలో కాక ట్యూబులో పెరుగుతున్నదేమో అన్నది రెండోది. రెంటిలో ఏదో రక్తం చెప్పలేదు. వేగం సరిగ్గా ఉన్నా ట్యూబులో లేదని ఒట్టేసి చెప్పలేం. చేయాల్సింది మళ్ళీ 48 గంటలకు, అదే ల్యాబులో (మిషను మారితే అంకె కొంత మారుతుంది) పరీక్ష చేయించి, తొందరగా స్కానింగ్‌కు పిలవడం.

మా చెల్లెలి మొదటి పరీక్ష సెంటర్‌లో జరిగింది. రెండోది, అంతదూరం మళ్ళీ రాలేక, మండల కేంద్రంలోని ల్యాబులో చేయించుకుంది. రిపోర్టు ఫోటో సెంటర్ నంబరుకు పంపింది. చూసినట్టు గుర్తు పడింది గానీ జవాబు రాలేదు. ఫోన్ చేస్తే, "పాజిటివే కదా, మూడు వారాల తర్వాత స్కానింగ్‌కు రా" అన్నారు. 'రా' అనే అన్నారు. అదే బెంచీ మీద పక్కన కూర్చున్నామెను 'మేడమ్, మీరు' అనడం మేము విన్నాం. చదువున్న పాత కుటుంబాల్లో ఇలాంటి రిపోర్టు రాగానే మేనమామ కొడుకో, పెదనాన్న కోడలో ఎవరో ఒక డాక్టరుంటారు. ఆ ఫోన్ కాల్ ఖరీదు ఎంతో లేనివాళ్ళకే తెలుస్తుంది. మా చెల్లెలు చేసిన ఫోన్ కాల్ మాకు.

పిండాన్ని గర్భసంచిలోనే పెట్టారు గదా, ట్యూబులోకి ఎట్లా పోతుందని చాలామంది అడుగుతారు. పెట్టగానే అది అంటుకోదు. ఒకటి రెండు రోజులు లోపలి తడిలో కదులుతూ ఉంటుంది. గర్భసంచి స్వల్పంగా ముడుచుకున్నప్పుడు ట్యూబు నోటివైపు జరగొచ్చు. ట్యూబు ఆరోగ్యంగా ఉంటే తిరిగి గర్భసంచిలోకి నెడుతుంది. టీబీతోనో, పాత ఇన్‌ఫెక్షన్‌తోనో దెబ్బతిన్న ట్యూబు నెట్టలేదు, పిండం అక్కడే అంటుకుంటుంది. ఐవీఎఫ్ తర్వాత కడుపు నిలిచినవాళ్ళల్లో నూటికి ఒకరిద్దరికి ఇట్లా జరుగుతుంది. ట్యూబులు చెడినవాళ్ళకు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఐవీఎఫ్‌కు వచ్చేవాళ్ళల్లో చాలామంది ట్యూబులు చెడే వస్తారు గదా. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. ఇంగ్లండులో స్టెప్టో, ఎడ్వర్డ్స్ 1978 జూలై 25న మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ పుట్టేముందు, 1976లో ప్రకటించిన తొలి గర్భం ట్యూబులో వచ్చినదే. ఈ విద్య పుట్టుకలోనే ఉన్న ప్రమాదం ఇది. రెండు పిండాలు పెడితే ఒకటి గర్భసంచిలో, ఇంకొకటి ట్యూబులో పెరిగే సందర్భాలూ అరుదుగా ఉన్నాయి. గర్భసంచిలో బిడ్డ కనిపించిందని అప్పుడు స్కానింగ్ అక్కడితో ఆపకూడదు, పక్కలు కూడా చూడాలి.

ట్యూబు కొంతవరకే సాగుతుంది, తర్వాత పగులుతుంది. పొత్తికడుపులో ఒక పక్క నొప్పి, కళ్ళు తిరగడం, ఒళ్ళు చల్లబడడం, ఇవి అందరికీ తెలిసిన గుర్తులు. తెలియనిది భుజం నొప్పి. కడుపులో కారిన రక్తం పైకి చేరి ఊపిరితిత్తుల కింది పొరను తాకితే నొప్పి భుజం కొసన తెలుస్తుంది. మా చెల్లెలికి రెండో రిపోర్టు వచ్చిన పందొమ్మిదో రోజు తెల్లవారుజామున భుజం లాగుతున్నదని లేచింది. ఊళ్ళో ఆరెంపీ డాక్టరు గ్యాస్ అని సూది వేశాడు. ఆయన్ని తిట్టుకుని లాభం లేదు, మూడు వారాల కింద "మంచిదే" అన్న మాకంటే ఆయన చేసిన తప్పు పెద్దది కాదు. తొమ్మిది గంటలకు వాకిట్లో పడిపోయింది. జిల్లా ఆస్పత్రికి తీసుకుపోయి ఆపరేషన్ చేసి కుడి ట్యూబు తీసేశారు. మూడు సీసాల రక్తం ఎక్కించారు. అందులో రెండు వాడ పిల్లలు ఇచ్చిన రక్తమే. బతికింది.

ముందే పట్టుకుని ఉంటే కోత లేకుండా పోయేదేమో. ట్యూబు పగలకముందు, అంకె తక్కువగా ఉండి, బిడ్డ గుండె కొట్టుకోవడం మొదలుకాని కేసుల్లో మెథోట్రెక్సేట్ అనే ఇంజెక్షన్‌తో ఆ కణాలను కరిగిస్తారు. అయితే దానికి నాలుగో రోజు, ఏడో రోజు, ఆపైన వారం వారం రక్తం చూపించుకోవాలి. మళ్ళీ మళ్ళీ రాగలిగిన వాళ్ళకే అది పనికొచ్చే వైద్యం. బస్సు లేని ఊరి మనిషిని చూసి డాక్టరు కత్తి ఎంచుకుంటే దాన్ని పూర్తిగా తప్పనలేం. ఏ వైద్యం దొరుకుతుందన్నది కొంత జబ్బును బట్టి, కొంత ఊరి దూరాన్ని బట్టి తేలుతుందని మాత్రం అంటాం.

స్కానింగ్ గురించి కూడా చెప్పాలి. లోపలినుంచి చేసే స్కానింగ్‌లో అయిదు వారాల దగ్గర గర్భతిత్తి కనబడుతుంది. అయిదున్నరకు అందులో చిన్న ఉంగరంలాంటి సొనతిత్తి, ఆరు దాటాక గుండె కొట్టుకోవడం. పిండం పెట్టిన నాలుగు వారాలకు అంటే ఆరు వారాల అయిదు రోజులు, మామూలుగా ఆ చుట్టుపక్కలే పిలుస్తారు. మొదటి స్కానింగ్‌లో చూసేది ముందు 'ఎక్కడ', తర్వాత 'ఎన్ని', ఆ తర్వాతే 'ఎట్లా ఉంది'. అంకె వేగం అనుమానంగా ఉన్నవాళ్ళను మాత్రం అంతదాకా ఆపకూడదు.

దీనికి ఎదురు ప్రమాదం కూడా ఉంది. ముందుగా చూసి, గుండె కనబడలేదని తొందరపడి కడిగేయడం. బిడ్డ కొలత ఏడు మిల్లీమీటర్లు వచ్చాక కూడా గుండె లేకపోతేనే, లేదా తిత్తి సగటు వెడల్పు ఇరవై అయిదు మిల్లీమీటర్లు వచ్చాక కూడా లోపల బిడ్డ లేకపోతేనే పోయిందని ఖాయంగా చెప్పాలని 2012లో అమెరికా అల్ట్రాసౌండ్ నిపుణులు ఒప్పందానికి వచ్చారు. అంతకు తక్కువుంటే వారం పదిరోజులాగి మళ్ళీ చూడాలి. నొప్పి, రక్తస్రావం లేనప్పుడు "ఇంకోసారి చూద్దాం డాక్టరుగారూ, కొలత ఎంత వచ్చింది?" అని అడగడం ఎదురుచెప్పడం కాదు.

అడిగే హక్కు చట్టంలో కూడా రాసి ఉంది. 2021లో వచ్చిన సహాయక పునరుత్పత్తి సాంకేతికత నియంత్రణ చట్టం ప్రకారం విజయావకాశాలు, ఖర్చు, దుష్ఫలితాలు, ప్రమాదాలు అన్నీ దంపతులకు వివరించి చెప్పడం సెంటర్ బాధ్యత. చేసిన చికిత్స వివరాలతో డిశ్చార్జి పత్రం ఇవ్వాలి. ఫిర్యాదులు వినే ఏర్పాటు ఉండాలి. మా చెల్లెలు సంతకం పెట్టిన కాగితాలు పదకొండు. అన్నీ ఇంగ్లీషే. వాటిలో ట్యూబులో కడుపు గురించి ఒక లైను ఉందని ఆపరేషన్ అయ్యాక మేము వెతికితే దొరికింది. దాన్నే వివరించినట్టు లెక్క! పిండం పెట్టిన రోజు ఇంటికి పంపేముందు తెలుగులో ఒక చిన్న చీటీ చేతికిస్తే చాలు. ఏ తేదీన రక్తం, రెండో అంకె కనీసం ఎంత రావాలి, రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలి, భుజం నొప్పి వస్తే ఎక్కడికి పరుగెత్తాలి. అర పేజీ కూడా కాదు.

ఆపరేషన్ తర్వాత కూడా హెచ్‌సీజీ చూస్తారు. ట్యూబు తీసేసినా ఆ కణాలు ఎక్కడైనా మిగిలాయేమోనని, అంకె అయిదుకు దిగేదాకా. మా చెల్లెలు అందుకోసం రెండుసార్లు బస్సెక్కి వచ్చింది. రెండోసారి రిపోర్టులో అయిదు లోపు వచ్చింది. ఈసారి అంకెను తానే చదువుకుంది, మాకు చూపించలేదు. ల్యాబు బిల్లు కడుతూ, "లేదని తెల్సుకునేటందుకు గూడ పైసలేనా అక్కా?" అని అడిగింది.